మూడుసార్లు కడిగిన చెయ్యి

ఆయన గొంతును ఫోనులోనే గుర్తుపట్టాను. "ఏవండీ, ఉప్పునీటి ఆక్వేరియంలు బాగుచేసేది మీరేనాండీ? మా ప్రోటీన్ స్కిమ్మర్‌లో నురగ రావట్లేదండీ. పగడాలు ముడుచుకుపోతున్నాయి," అన్నారు. ఆయన నన్ను 'మీరు' అనడం అదే మొదటిసారి. డిగ్రీలో మాకు జంతుశాస్త్రం చెప్పిన మాస్టారాయన.

మా నాన్న మండవల్లి దగ్గర చేపల చెరువుల్లో వల లాగే కూలీ. పట్టిన చేపలను అమ్మ ఏరి ఐసు పెట్టెల్లో సర్దేది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినది నేనే మొదలు. మొదటి ప్రాక్టికల్స్ రోజున మైక్రోస్కోపు మీద చెయ్యి వేయబోతే మాస్టారు ఆపారు.

"ఆగమ్మాయ్, నీచు కంపు కొడుతోంది. ముందా చెయ్యి కడుక్కురా."

కడుక్కుని వచ్చాను. వంగి వాసన చూసి, "మళ్ళీ," అన్నారు. మూడోసారి కడుక్కునేసరికి క్లాసంతా నవ్వుతోంది. ఆ నవ్వుకు ఏనాటికైనా బదులు తీర్చుకోవాలని ఆ కుళాయి దగ్గరే నిశ్చయించుకున్నాను. తరువాత చదివిన చదువంతా ఆ పట్టుదలతో చదివినదే.

ఇప్పుడు ఏలూరులో చెరువు నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నాను. ఆదివారాలు ఆక్వేరియంలు చూస్తాను. ఆ ఆదివారం రైలెక్కి తాడేపల్లిగూడెంలోని ఆయన ఇంటికి వెళ్ళాను. మాస్టారు నన్ను గుర్తుపట్టలేదు. నేనూ చెప్పలేదు.

స్కిమ్మర్ నీటిలోకి సన్నని బుడగలు వదులుతుంది. నీటిలో కరిగిన మురికి వాటికి అంటుకుని, నురగగా పైకెక్కి, కప్పులో పడుతుంది. గాలికి చెరువు మూలకు చేరిన తెట్టును నాన్న తోడి గట్టు మీద పోసేవారు; ఇదీ అదే పని. గాలి గొట్టం మూతిలో ఉప్పు పేరుకుని ఉంది. వేడినీళ్ళతో కరిగించాను. మోటారు చక్రాన్ని వెనిగర్‌లో నానబెట్టి కడిగాను. నీటి మట్టం సరిచేశాను. గంటలో నురగ కప్పు మెడదాకా ఎక్కింది.

మర్నాడే మళ్ళీ ఫోను. "పొద్దున్న బాగానే ఉందండీ. భోజనాలయ్యాక చూస్తే నురగ పడిపోయింది."

యంత్రానికి భోజనాల వేళ తెలియదు. కాబట్టి తప్పు మనిషిది.

తరువాతి ఆదివారం సరిగ్గా ఆ వేళకే వెళ్ళి కూర్చున్నాను. మాస్టారు ఆవకాయా నెయ్యీ కలుపుకుని తిని, కంచంలోనే చెయ్యి కడిగి, తువ్వాలుతో తుడుచుకున్నారు. నేరుగా ఆక్వేరియం దగ్గరకు వచ్చి, చిటికెడు మేత పట్టుకుని చేతిని నీటిలో ముంచారు. "నా చేతిలోంచే తింటాయండీ," అన్నారు మురిపెంగా. ఆయన గోళ్ళ అంచుల్లో ఎర్రని నూనె. కాసేపటికి స్కిమ్మర్‌లో నురగ కుంగిపోయింది.

నూనె నురగను విరిచేస్తుంది. ఆ ఒక్క ముక్క చెప్పి వచ్చేస్తే నా పని అయిపోయేది. కానీ నేను వెళ్ళినది ఆ పనికి మాత్రమే కాదు.

"తప్పు దొరికిందండీ," అన్నాను.

"ఏమిటండీ, మోటారా?"

"మీ చెయ్యండీ."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ మాస్టారి భార్య పకపకా నవ్వారు. "ఆ జిడ్డు చెయ్యి అందులో పెట్టొద్దని నేను మొత్తుకుంటూనే ఉన్నానమ్మా! వింటేగా!"

"సబ్బుతో రుద్ది, సబ్బు పోయేదాకా కడుక్కురండి," అన్నాను. ఆయన కడుక్కుని వచ్చి చెయ్యి చాపారు. వంగి వాసన చూశాను.

"ఆవకాయ కంపు కొడుతోందండీ. మళ్ళీ."

రెండోసారి వచ్చారు. చెయ్యి శుభ్రంగానే ఉంది.

"మళ్ళీ," అన్నాను.

మాస్టారు కుళాయి తిప్పబోయి ఆగారు. నా ముఖంలోకి చాలాసేపు చూశారు. "నువ్వు... మీరు మండవల్లి అమ్మాయి కదూ?"

"అవునండీ. మూడోసారి కడగండి, సార్. మీరు నేర్పిన పద్ధతే."

ఆయన తలవంచుకుని కడుక్కున్నారు. ఏమీ తెలియని ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వును చివరిదాకా విన్నాను. జాలి కలుగుతుందేమోనని చూశాను, కలగలేదు.

ఇప్పుడు నెలకోసారి వెళుతున్నాను. పగడాలు చక్కగా విచ్చుకుంటున్నాయి. నేను గేటు తీయగానే లోపల కుళాయి విప్పిన చప్పుడు వినిపిస్తుంది. ఆగుతుంది, మళ్ళీ వినిపిస్తుంది, మళ్ళీ. ఒక్కసారి చాలని నేను చెప్పాలి. ఇంతవరకూ చెప్పలేదు.