అత్తగారి ఒళ్లు ఎవరు తుడవాలి

వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను కుట్టుపిన్ని అనేవారు. వరండాలో కిటికీ పక్కన మిషను వేసుకుని, జిప్పులు మార్చడం దగ్గర్నుంచి స్కూలు పిల్లల యూనిఫారాల దాకా అన్నీ కుట్టేది. అయితే ఆ మిషను చప్పుడు ఏనాడూ ఏకధాటిగా సాగింది లేదు. నాలుగు కుట్లు పడ్డాయో లేదో లోపలి గదిలోంచి "ఏమే!" అని పిలుపు వచ్చేది. సూది కింద బట్టను అలాగే వదిలేసి పిన్ని లేచి వెళ్లేది.

ఆ పిలుపు అత్తగారిది. పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయి పదకొండేళ్లయింది. కుడిచెయ్యీ నోరూ మాత్రం చెక్కుచెదరలేదు. జావ పల్చనైందనేది, దుప్పటి మడత వీపులో గుచ్చుకుంటోందనేది, ఫ్యాను ఎక్కువైందనేది. పిన్ని ఆమెను పక్కకు తిప్పేది, పుళ్లు పడకుండా పౌడరు రాసేది, గోరువెచ్చటి నీళ్లతో ఒళ్లు తుడిచేది, మంచం కింది బెడ్‌పాన్ తీసి కడిగి పెట్టేది. మళ్లీ వచ్చి మిషను ముందు కూర్చునేది. ఎక్కడ ఆపిందో వెతుక్కోవడానికే కొంత సేపు పట్టేది.

ఆమెకు ఈ చాకిరీ కొత్త కాదు. పెళ్లైన కొత్తలో రెడీమేడ్ బట్టల కంపెనీలో కటింగు సెక్షన్‌లో పనిచేసేది. చేతివాటం చూసి సూపర్‌వైజరుగా వేస్తామన్నారు. సరిగ్గా ఆ నెలలోనే మామగారి తల్లి బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. "ఇంట్లో ఆడమనిషంటూ ఉండాలి కదమ్మా" అన్నారు మామగారు. "మా అత్తను ఇన్నేళ్లూ నేను చూశాను, నా నడుం పడిపోయింది, ఇక నీ వంతు" అంది అత్తగారు. ఉద్యోగం మానెయ్యమని ఎవరూ నోరు తెరిచి అనలేదు. మానకుండా ఉండే దారి మాత్రం ఎవరూ చూపించలేదు. ఆ ముసలావిడ పోయాక ఊపిరి పీల్చుకుందామనుకునేసరికి ఈవిడ మంచం పట్టింది.

పిన్ని భర్త బస్సు డ్రైవరు. ఫుట్‌బోర్డు మీద ఎవడైనా వేలాడితే వీధంతా దద్దరిల్లేలా అరిచేవాడు. అన్నగారి ముందు మాత్రం గొంతు పెగిలేది కాదు.

ఆ అన్నగారు, అంటే పిన్ని బావగారు, ఊరికి ఆ చివర ఉండేవాడు. నెలకో ఆదివారం ఆపిల్ పళ్ల సంచీ పట్టుకుని వచ్చేవాడు. తల్లి కాళ్ల దగ్గర కుర్చీ వేసుకుని, గది నలుమూలలా తనిఖీకొచ్చిన ఆఫీసరులా చూసేవాడు.

"అమ్మ చిక్కిపోయింది. వేళకి పెడుతున్నారా?"

మరోసారి, "గదిలో ఏదో వాసనొస్తోందమ్మా, కాస్త చూసుకోవాలి."

పిన్నికి ఒళ్లు మండిపోయేది. ఆ వాసన పుట్టిన క్షణంలో పరిగెత్తేది తనే అని చెప్పాలనిపించేది. పళ్లు బిగించి, టీ పెట్టడానికి వెళ్లిపోయేది. ఆమె భర్తేమో చదువుతున్న పేపరు కొంచెం పైకెత్తుకునేవాడు.

ఆ యేడు పిన్ని కూతురు ల్యాబు కోర్సు పూర్తి చేసింది. ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. పిన్ని ఆ పిల్ల కోసం తెల్లకోటు తనే కుట్టి, ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించింది. ముందురోజు ఆదివారం బావగారు వచ్చాడు. ఆ కోటు చూశాడు.

"ఇది ఎవరిది?"

"నాదే పెదనాన్నా. రేపట్నుంచి ఉద్యోగం" అంది పిల్ల, మొహం వెలిగిపోతూ.

"షిఫ్టులుంటాయా?"

"ఉంటాయి."

బావగారు ఒక ఆపిల్ తీసి తుడుచుకుంటూ నిదానంగా అన్నాడు. "ఇప్పుడేం తొందరమ్మా? మీ అమ్మకీ వయసు మీద పడుతోంది. నువ్వు ఇంటిపట్టునుండి నాన్నమ్మ పని నేర్చుకో. రేపు నీకూ ఒక అత్త ఉంటుంది కదా, పనికొస్తుంది."

పిల్ల మొహం పాలిపోయింది. తండ్రి వైపు చూసింది. ఆయన పేపరు దించలేదు.

అప్పుడే పిన్ని బేసిన్‌లో వేడినీళ్లు, భుజాన తువ్వాలుతో గదిలోకి వస్తోంది. గుమ్మంలోనే ఆగిపోయింది. ఇన్నేళ్లూ తనను అన్న మాటలన్నీ దిగమింగింది. ఈ మాట మాత్రం గొంతు దిగలేదు. బేసిన్ తెచ్చి బావగారి కాళ్ల ముందు ఠక్కున పెట్టింది. నీళ్లు ఎగిరి ఆయన ప్యాంటు తడిసింది.

"ఏమిటమ్మా ఇది?"

"మీ అమ్మగారి ఒళ్లు తుడిచే వేళైంది బావగారూ. మీరే తుడవండి."

"నేనా?"

"అవును, మీరే. మీ నాన్నమ్మకి నేనే చేశాను. మీ అమ్మకీ నేనే చేస్తున్నాను. ఇప్పుడు నా కూతుర్ని కూడా రాసిచ్చెయ్యమంటారా మీకు? మీ ఇంట్లో మీరిద్దరూ మగపిల్లలు పుట్టారు. ఒక్కరోజు, ఒక్క పూట, ఎవరైనా ఆ పాన్ ముట్టుకున్నారా? ఆపిళ్లు తెస్తారు. అవి కొరకడానికి ఆవిడకి పళ్లున్నాయో లేవో కూడా మీకు తెలీదు!"

అక్కడితో ఆగలేదు. పేపరు లాగి పక్కన పడేసి, మొగుడి వైపు తిరిగింది. "మీరు మాట్లాడరా? కన్నకూతురి బతుకు తెల్లారిపోతుంటే ఆ పేపర్లో ఏం రాశారో చదువుతారా?"

బావగారు లేచి నిలబడ్డాడు. "ఏరా, నీ పెళ్లానికి పెద్దంతరం చిన్నంతరం లేదా? అమ్మ వింటోంది. ఆవిడ మనసు ఎంత..."

"ఒరేయ్ పెద్దోడా." మంచం మీంచి గొంతు వచ్చింది. అందరూ అటు తిరిగారు. అత్తగారు కుడిచేత్తో మంచం పట్టీ పట్టుకుని తల పైకెత్తింది. ఇక తనకి తిట్ల వర్షమే అనుకుంది పిన్ని.

"నా మనసు సంగతి నేను చెప్తాగానీ, కూర్చో. నీళ్లు చల్లారిపోతున్నాయి. వీపూ కాళ్లూ తుడువు."

"అమ్మా! నేను మగాణ్ని..."

"నీ ముడ్డి కడిగినప్పుడు నేను ఆడదాన్ని, నువ్వు మగాడివి కావుట్రా? అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు? తువ్వాలు తడుపు. అంతలా పిండకు, ఇదేం బట్టలుతకడం కాదు."

బావగారు తువ్వాలు తడిపి వంగాడు. ఆయనకి తల్లిని పక్కకు తిప్పడం చేతకాలేదు. తమ్ముడు వచ్చి భుజం పట్టుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ ఆ ముసలి వీపు చూసి ఒక క్షణం అలాగే ఉండిపోయారు. ఎముకలు లెక్కపెట్టేలా ఉన్న ఆ వీపు మీద ఒక్క పుండు లేదు. "చూస్తూ నిలబడ్డారేం? నాకు చలేస్తోంది" అని అరిచింది తల్లి.

పిన్ని ఇక అక్కడ నిలబడలేదు. వంటింట్లోకి వెళ్లి గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడుపు వచ్చింది. అది దుఃఖం కాదు, కోపం. అత్తగారి మీద కూడా కోపమే. ఈ నోరు ఆ రోజు, తను కటింగు సెక్షన్ వదిలేసిన రోజు, ఎక్కడికి పోయింది?

సోమవారం పిల్ల తెల్లకోటు వేసుకుని ఉద్యోగంలో చేరింది. బావగారు నెల రోజులు అలిగి రాలేదు. తల్లి ఫోన్ చేయించి నానా మాటలూ అంటే, చివరికి దిగొచ్చాడు. ఆదివారాలు ఆయనవి, డ్యూటీ లేని పూటలు తమ్ముడివి. ఇద్దరూ తడబడుతూ, తిట్లు తింటూ చేస్తున్నారు. పాన్ తీసేటప్పుడు డ్రైవరుగారు ముక్కుకి రుమాలు కట్టుకుంటాడు. ఆ పూటల్లో మాత్రం పిన్ని లోపలి తలుపు మూసేసుకుంటుంది, వరండాలో మిషను గడగడా ఆగకుండా నడుస్తుంది.

మొన్న పక్కింటావిడ జాకెట్ కొలతలివ్వడానికి వచ్చింది. కిటికీలోంచి లోపలికి తొంగిచూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఎంత బంగారంలాంటి కొడుకులు పిన్నీ! తల్లికి స్వయంగా ఒళ్లు తుడుస్తున్నారు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు చెప్పు! నువ్వు పెట్టి పుట్టావు."

పిన్ని మిషను ఆపింది. తలెత్తి ఆవిడ వైపు చూసింది. ఈవిడ పదకొండేళ్లుగా ఇదే కిటికీ పక్కన నిలబడి కొలతలిస్తోంది. లోపల్నుంచి పిలుపు వచ్చినప్పుడల్లా "అబ్బా, నా జాకెట్ ఎప్పటికవుతుందో" అని విసుక్కుందే తప్ప, ఒక్కసారి, నోటిమాటకైనా, "పాపం, ఎంత చేస్తున్నావే" అనలేదు.

"చెయ్యి ఎత్తండి" అంది పిన్ని టేపు తీసుకుని. "ఇంకా ఎత్తండి. మాట్లాడకండి, కొలత తప్పుతుంది."