మహేశ్వరం దారిలో లావణ్య

శంషాబాద్ విమానాశ్రయం వచ్చిన కొత్తలో, కథోలిక రైతు యువత కూటానికి గుంటూరు నుంచి మహేశ్వరం వెళ్లాను. శంషాబాద్‌లో ఎక్కిన షేర్ ఆటోలో పక్కనున్న లావణ్య అనే అమ్మాయి కుదురుగా కూర్చోలేకపోతోంది. తను సాగు చేస్తున్న ఉమ్మడి పొలాన్ని ప్లాట్లకు అమ్మడానికి ఆరోజే సంతకం పెట్టమని వాళ్లన్న పట్టుబట్టాడట. నేను మా రైతుల కూటానికి వెళ్తున్నానని చెప్పాను.

"మీ మీటింగుల ఏం మాట్లాడ్తరక్కా?"

"వ్యవసాయంలో ఎలా నిలబడాలో."

"మేం బోనాలెత్తేటోళ్లం. నేను రావచ్చునా?"

"రామ్మా," అన్నాను.

కూటంలో ప్రార్థన అయ్యాక అందరికన్నా ముందు తనే లేచింది. "పొలం అమ్మనని ఇంట్ల చెప్పాలె. ఒక్కదాన్నే పోవాలంటే భయమైతున్నది. జర తోడొస్తరా?"

మేమంతా ప్రసంగాలు ఆపి ఆమె వెంట నడిచాం. ఇంటి గుమ్మంలో వాళ్లన్న నిలదీశాడు. "ఏందే, ఎవరు వీళ్లంతా?"

"నా అసొంటి రైతులే అన్నా."

ఆరోజు ఆమె సంతకం పెట్టలేదు. తర్వాత ఏమైందోనని ఇప్పటికీ నా మనసు నిలవదు.