అడ్డపొగా ఉప్పూ

మా ఫ్రిజ్ మీదకి కరక్కాయ ముక్కల సీసా చేరి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. మా ఆయన సిగరెట్ మానేసి కూడా అన్ని రోజులే. మూత తీసినప్పుడల్లా ఆ వగరు వాసన హాల్లోకి వస్తుంది, దాని వెనకే ఆయన విసుగూ వస్తుంది. ఫ్యాను వేసినా తప్పే, వేయకపోయినా తప్పే. బేగంపేటలో ఆఫీసు ముగించుకుని, మెట్రోలో నిలబడి ఇల్లు చేరేసరికి ఈ మనిషిని భరించే ఓపిక నాలో మిగలడం లేదు. ఇంతకు ముందు మూడుసార్లు మానేశాడు, మూడుసార్లూ మళ్ళీ మొదలుపెట్టాడు. మొన్న ఆయాసంతో మెట్ల మీద కూలబడ్డాక డాక్టరు చెప్పింది నేనూ విన్నాను కాబట్టి, ఈసారి కూడా మొదలుపెడితే ఏమవుతుందోనని భయంగా ఉంది.

ఆ వాసన నాకు కొత్త కాదు. నా చిన్నప్పుడు మల్కాజ్‌గిరిలో మా రేకుల ఇంట్లో నాయనమ్మ బుగ్గలో ఇదే కరక్కాయ ముక్క ఉండేది. అంతకు ముందు ఆ నోట్లో చుట్ట ఉండేది, అదీ నిప్పు వైపు లోపలికి పెట్టి. నాన్న ఉద్యోగం కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళం మేము. అక్కడ చాలామంది ఆడవాళ్ళు అలాగే తాగేవారు, దాన్నే అడ్డపొగ అంటారు. పెరట్లో నీళ్ళ గాబు పక్కన పీట వేసుకుని, వానాకాలమైతే నెత్తిన గోనెసంచి కప్పుకుని, పెదాలు బిగించి ఆవిడ కూర్చుంటే ముక్కులోంచి పొగ సన్నగా వచ్చేది. నేనూ పక్కింటి పిల్లలూ తొక్కుడుబిళ్ళ ఆపేసి, నోరు కాలదా అని నోరు తెరుచుకుని చూసేవాళ్ళం.

ఆవిడకు ఏం తిన్నా ఉప్పు చాలేది కాదు. ఎండాకాలం ఆవకాయ కలిపేటప్పుడు, ఆవపిండి ఘాటుకు మేమంతా తుమ్ముతూ చుట్టూ కూర్చుంటే, వేలితో పిండి నాలుకకి రాసుకుని "ఇంకో గుప్పెడెయ్యే" అనేది. మా ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదు కూడా ఆ ఉప్పులో కొట్టుకుపోయేది. అమ్మ అత్తగారికి ఎదురు చెప్పే మనిషి కాదు. ఆవిడ కొలతకే వండి వండి మా నాలుకలూ అలాగే తయారయ్యాయి. ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం ముద్దకో గ్లాసు నీళ్ళు తాగేవారు.

ఒకరోజు పులుసు కారం తగిలి నాయనమ్మ నోరు పట్టుకుని కూర్చుండిపోయింది. నాన్న సికింద్రాబాద్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే నేనూ వెంటపడి వెళ్ళాను. ఆయన టార్చి వేసి చూసి, అంగిట్లో తెల్లగా మచ్చ కట్టిందనీ, పొగకి నాలుక కూడా మొద్దుబారిందనీ అన్నాడు.

"ఇగ చుట్ట బంద్ జెయ్యాలె పెద్దమ్మా. ఇప్పుడైతే తగ్గుతది. ఆలస్యం జేస్తే నాతోని గాదు."

ఇంటికి రాగానే నాయనమ్మ చుట్టల కట్ట తీసుకెళ్ళి నీళ్ళ పొయ్యిలో పడేసింది. అంతవరకూ సులువే. ఆ తరువాత ఇంట్లో ఎవరికీ సుఖం లేదు. నేను పరిగెత్తితే తిట్టేది, అమ్మ గిన్నె దించితే తిట్టేది, అలవాటుగా గాబు దగ్గరికి వెళ్ళి పీట మీద కూర్చుని, ఖాళీ చేతులు చూసుకుని లేచి వచ్చేది. "నా వల్ల కాదే, ఒగ్గీలేకపోతన్నాను" అని ఒకసారి చిన్నపిల్లలా ఏడ్చింది. అమ్మ పక్కన కూర్చుని, బుగ్గలో కరక్కాయ ముక్క పెట్టి, "ఈ పూటకి ఓర్చుకోండత్తా" అంది. పూటపూటా అదే మాట. అంత ఓపిక అమ్మకి ఎక్కణ్ణుంచి వచ్చిందో, నేనైతే ఆమె కూతుర్ని కాదేమో అనిపిస్తుంది.

కొన్ని వారాల తరువాత ఒక మధ్యాహ్నం ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు. నాయనమ్మ మొదటి ముద్దకే ఆగిపోయింది.

"ఏటే, పప్పులో ఇంతుప్పేసినావు?"

"ఎప్పుడూ వేసేదే అత్తా," అంటూ అమ్మ వంటింట్లోకి వెళ్ళి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అమ్మని ఏడిపించిందని నాకు ఒళ్ళు మండి, సాయంత్రం దాకా నాయనమ్మతో మాట్లాడలేదు.

మచ్చ క్రమంగా తగ్గింది. నాయనమ్మ చాలా ఏళ్ళు బతికి, మెత్తటి అన్నం కమ్మగా తింటూ ముసలితనంతోనే పోయింది. అమ్మా పోయింది. రేకుల ఇల్లున్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంటు ఉంది. గాబూ లేదు, పెరడూ లేదు, ఇంటిల్లిపాదీ తుమ్ముతూ కలుపుకునే ఆవకాయా లేదు.

ఇందాక భోజనానికి కూర్చున్నాం. పప్పులో ఇంకాస్త ఉప్పు చల్లుకోవడం మా ఆయనకు ఎన్నో ఏళ్ళ అలవాటు. ఆ గోల పడలేక నేనే ఎక్కువ వేసి వండటం మొదలుపెట్టి కూడా చాలా ఏళ్ళయింది. ఇవాళ రెండు ముద్దలు తిని కంచం పక్కకి జరిపాడు.

"ఏందే, పప్పుల గింత ఉప్పేసినవ్?"

"రోజూ వేసేంతే వేశాను," అని, మజ్జిగ తెస్తానని లేచాను. వంటింట్లో ఉప్పు డబ్బా ముందు నిలబడి, చున్నీ మొహానికి అడ్డం పెట్టుకున్నాను. నాయనమ్మ తిట్టినందుకే అమ్మ ఏడ్చిందని ఇన్నేళ్ళూ అనుకున్నాను.