చక్రానికి పదేసి టిక్కులు

1976 ఫిబ్రవరి 10, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల ఇరవై నిమిషాలకు నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఒక ట్రైలరు కిందికి దూరాను. ఎందుకు దూరానో చెప్పాలంటే ఆ రోజుల్లో నేనెలాంటి మనిషినో ముందు చెప్పాలి. అప్పటికి ఇరవై మూడేళ్ళు. పెళ్ళయిన పదకొండో నెలలో మస్కట్ చేరాను. మావారు ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. అక్కడి హమ్రియా పేటలో ఒక గది, అందులో ఒక మంచం, ఒక కిరోసిన్ స్టవ్వు. పగలంతా ఆ రెండింటినీ చూస్తూ కూర్చోలేక అదే కంపెనీ వర్క్‌షాపులో రికార్డులు రాసే పనికి కుదిరాను. ఏ బండికి ఏ గంటకి ఏం చేశారో రాయడం నా డ్యూటీ. లోకంలో జరిగే తప్పులన్నీ లెక్క సరిగ్గా వెయ్యకపోవడం వల్లేనని నా గట్టి నమ్మకం. (మావారు ఉప్పెక్కువైందంటే, "నిన్నా రెండు చెంచాలే, ఇవాళా రెండే" అని వాదించేదాన్ని. నిన్నటిది పులుసు, ఇవాళ్టిది పచ్చడి.)

ఆ ట్రైలరు చక్రాల మీద ఇల్లు. మంచాలు, పొయ్యి, అలమర అన్నీ లోపలే. కొండల్లో రోడ్డు సర్వే చేసే పెద్ద సాయిబు కోసం (మా ఇంజనీరు, తెల్లాయన) ఓడలో తెప్పించారు. జీపు వెనక తగిలించి లాగాలి. దాని నాలుగు చక్రాలకీ కరెంటు బ్రేకులు. జీపులో చిన్న మీట నొక్కితే తీగ వెంట కరెంటు వెళ్ళి, చక్రంలోని అయస్కాంతం బ్రేకుని పట్టిస్తుంది. మాది పట్టేది కాదు. జీపు ఆగినా ట్రైలరు ఆగక వెనకనించి తోసేది. "రేపు పొద్దున్నే నేను కొండదారిన పోవాలి. సాయంత్రానికి బ్రేకు కుదరకపోతే మిస్త్రీని ఊరికి పంపించేస్తా" అన్నాడు పెద్ద సాయిబు, అందరి ముందూ. ఉత్త బెదిరింపు కాదు. కిందటి నెలే ఒక వెల్డర్ని అలా పంపించాడు.

బళ్ళు బాగుచేసే ఆ మిస్త్రీ చాచాది కడప. యాభై దాటినవాడు. ఊళ్ళో మొదలుపెట్టిన ఇల్లు గోడల దాకా లేచి కప్పు కోసం ఎదురుచూస్తోంది. ఆ పొద్దున ఆయన తీగంతా తడుముకుంటూ పోయి, ఇనుప చట్రానికి బిగించిన చోట ఉప్పుగాలికి తుప్పు పట్టిందని కనిపెట్టి, గీకి శుభ్రం చేసి మళ్ళీ బిగించాడు. నాలుగు చక్రాలకీ కరెంటు సమానంగా అందుతోందని మీటరు పెట్టి చూపించాడు. (సమానంగా అన్న మాట నా బుర్రలో పడింది అక్కడే.) తర్వాత ఒక్కో చక్రాన్నీ జాకీ మీద లేపి, వెనక సందులోంచి వంకర స్క్రూడ్రైవరు దూర్చి లోపలి పళ్ళచక్రాన్ని తిప్పుతూ బ్రేకు బిగించాడు. పన్నుకో టిక్కు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని రాసుకున్నాను: ఎడమ ముందుది పదమూడు, ఎడమ వెనకది పన్నెండు, కుడి ముందుది ఎనిమిది, కుడి వెనకది ఏడు.

"ఒక్కోదానికి ఒక్కో లెక్కేంటి చాచా?"

"దేని అరుగుదల దానిది మా. చక్రం చాలంటే ఆపుతాండా."

"చక్రం ఎలా చెబుతుంది?"

"నీకు చెప్పదులే" అని నవ్వుకుంటూ నమాజుకి వెళ్ళిపోయాడు.

నాకు రోషం వచ్చింది. మొత్తం నలభై. నాలుగు పెట్టి భాగిస్తే పది. శేషం లేదు. శేషం లేని భాగహారంలో తప్పెలా ఉంటుంది? ఆయన తిరిగొచ్చేలోగా, ఆయన స్క్రూడ్రైవరే పట్టుకుని ట్రైలరు కిందికి దూరి, పద్ధెనిమిది నిమిషాల్లో, ఎడమవాటిని మూడు, రెండు వదులు చేసి, కుడివాటిని రెండు, మూడు బిగించి, నాలుగింటినీ పదికి తెచ్చాను. ఆయనకి మంచి చేశాననే అనుకున్నాను, నిజంగా.

నాలుగింటికి వర్క్‌షాపు వెనక మైదానంలో పరీక్ష. పెద్ద సాయిబు జీపు నడిపాడు, పక్కన మిస్త్రీ చాచా, వెనక సీట్లో నోటుబుక్కుతో నేను. ఇరవై మైళ్ళ వేగం అందుకోగానే సాయిబు మీట నొక్కాడు. ట్రైలరు ఆగింది. కుడి సగమే ఆగింది, ఎడమ సగం ప్రయాణంలోనే ఉంది. ఆ రెండు సగాల పేచీలో ట్రైలరు గిర్రున పక్కకి తిరిగి, వరసగా పేర్చిన ఖాళీ తారు డ్రమ్ములకి వీపు కొట్టింది. లోపల అలమరలోంచి సాయిబుగారి టీ కప్పులు ఒకటొకటే దిగుతున్న చప్పుడు. (ఆరు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను.)

"ఖలాస్ మిస్త్రీ. కల్ కా టికెట్" అన్నాడు సాయిబు, గొంతు పెంచకుండా. రేపటి టికెట్టు, ఊరికి.

చాచా దిగి ఒక్కో చక్రానికీ చేతి వెనకవైపు ఆనించి చూశాడు. కుడివి కాలుతున్నాయి, ఎడమవి చల్లగా ఉన్నాయి. తర్వాత నా చీర అంచుకేసి చూశాడు. నాలుగు వేళ్ళ వెడల్పున నల్లటి గ్రీజు. ఒక్క మాటంటే ఆయన బయటపడేవాడు. అనలేదు. "సాబ్, ఆధా ఘంటా దేవ్" అని మాత్రం అడిగాడు. సాయిబు తల అడ్డంగా ఊపాడు.

 నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, "సార్, మిస్త్రీ పెట్టినవి ఇవి కావు. ఆయన లేనప్పుడు నేను సమానం చేశాను" అని నోటుబుక్కు చేతికిచ్చాను. సాయిబు ఆ పేజీని చాలాసేపు చూశాడు. "భాగహారం సరిగ్గానే ఉంది" అన్నాడు. ఆపైన మిస్త్రీకి అరగంట ఇచ్చాడు, నన్ను చక్రాలకి ఆరడుగుల దూరంలో ఉండమన్నాడు.

సాయిబు సిగరెట్టు కోసం అటు తిరగ్గానే, "రా మా, సూడడులే" అని పిలిచాడు చాచా. నా అరచేయి టైరు మీద పెట్టించి చక్రం తిప్పాడు. చేటలో బియ్యం కదిలినట్టు సన్నటి రాపిడి.

"ఇదే, చాలనడం."

"ఇప్పుడు ఎన్ని టిక్కులైంది చాచా?"

"ఈ పిల్ల మారదు" అన్నాడు చక్రంతో.

అయిదూ పదికి రెండో పరీక్ష. సాయిబు మీట నొక్కాడు. జీపూ ట్రైలరూ గీత గీసినట్టు తిన్నగా, ఒక్కసారే ఆగాయి. సాయిబు ఇంకోసారి నొక్కి చూశాడు, మరోసారి చూశాడు, "ఠీక్ హై" అని దిగిపోయాడు. చాచా టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. నేను వెనక సీట్లోనే కళ్ళు తుడుచుకుని, టైము రాసుకున్నాను.

ఇప్పుడు డెబ్భై దాటాయి. నలుగురికి వడ్డిస్తే నాలుగు గరిటెలూ సమానంగానే పడతాయి, ఒకరు వదిలేస్తారనీ ఒకరికి చాలదనీ తెలిసీ. ట్రైలరు కింద పడుకుని టిక్కులు లెక్కపెట్టిన ఆ పిల్ల గుర్తొస్తే కోపం రాదు. పాపం, ఎంత శ్రద్ధగా చెడగొట్టింది.

ఆ రోజు పోయినవి: టీ కప్పులు ఆరు, వెనక దీపం అద్దం ఒకటి, చొట్టపడ్డ డ్రమ్ములు మూడు, పెళ్ళినాటి నేత చీర ఒకటి. ఊరికి పోయిన మనుషులు, ఎవరూ లేరు.