కాళ్ళు పట్టుకున్న పోలీసు

ఒకసారి రిటైరైతే మనిషికి బుద్ధి రావాలంటారు. ఆ రోజుల్లో నాకు పెన్షన్ వచ్చింది గానీ బుద్ధి మాత్రం రాలేదు. ఇరవై ఏళ్ళు అమెరికా సైన్యంలో ఉండి, సార్జెంటుగా కుర్రాళ్ళ మీద అరిచి అరిచి గొంతు బండబారాక, నలభై దాటిన వయసులో షికాగో శివారులోని మా ఇంటికొచ్చి కూర్చున్నాను. వారం తిరక్కుండానే వంటింట్లో డబ్బాలన్నిటినీ ఎత్తుల ప్రకారం వరసలో నిలబెట్టాను (సైన్యంలో మనుషుల్నీ అలాగే నిలబెడతాం). పోపులో ఆవాలనుకుని గసగసాలు వేసిన మా ఆవిడ, "మీరు ఏదో ఒక ఉద్యోగం చూసుకోండి, లేకపోతే నేనే ఎటైనా పోతాను" అంది. చూసుకున్నాను. మా ఊరి పోలీసు శాఖలో.

ఆ కబురు మా తెలుగు చర్చిలో పరామర్శలు తెచ్చిపెట్టింది. ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర, మేమంతా గుండె డాక్టర్ అంకుల్ అని పిలుచుకునే పెద్దాయన నన్ను పక్కకి లాగి, "రిటైరయ్యి మళ్ళీ పోలీసేంట్రా అబ్బాయ్? మా బేస్‌మెంట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చెప్పిస్తున్నా, వచ్చి జాయినవ్వు. కంప్యూటర్ నిన్ను తిరిగి కాల్చదు కదా!" అన్నారు. ఎంత ముందుచూపు! ఎవరు ఎవర్ని కాల్చబోయారో ముందుముందు తెలుస్తుంది. మా అమ్మ మాత్రం ఫోన్‌లో, "ఎస్సైవా, సీఐవా?" అని అడిగింది. ట్రైనీనన్నాను. "పోన్లే, జీపైతే ఇస్తారుగా," అని తనే సర్దుకుంది.

జీపు కాదు గానీ కారు ఇచ్చారు. దాంతోపాటు పక్క సీట్లో ఒక గురువుగారిని కూడా ఇచ్చారు. ఆవిడ వయసు నా సర్వీసుకంటే కాస్త ఎక్కువ, అంతే. నేను మనసులో చిట్టి గురువుగారని పేరు పెట్టుకున్నాను. నా మీద ఆవిడకి ఒకటే ఫిర్యాదు: నేను మాట్లాడను, ఆర్డర్లు వేస్తాను. పిల్లి తప్పిపోయిందని ఫోన్ చేసిన ముసలావిణ్ణి వివరాలు అడిగితే, పాపం ఆవిడ అటెన్షన్‌లో నిలబడి జవాబులు చెప్పింది. ఆ సాయంత్రం చిట్టి గురువుగారు తన ఇంగ్లీషులో చల్లగా చెప్పిన మాట ఇది: "వీళ్ళు నీ సైనికులు కారు. ఇంకొక్కసారి గొంతు లేచిందంటే నిన్ను ఫెయిల్ చేస్తాను, ఇంటికి పోవచ్చు." ఇంటికంటే మళ్ళీ ఆ డబ్బాల దగ్గరికే. అరవకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ట్రైనింగ్ ఆఖరి వారం. క్రిస్మస్ దగ్గర పడింది, రోడ్డు పక్కన మంచు. మధ్యాహ్నం పూట ఒక కారు స్టాప్ సైన్ దగ్గర ఆగకుండా, అత్తారింటి గడప దాటే కొత్తల్లుడిలా దర్జాగా వెళ్ళిపోయింది. లైట్లు వేసి ఆపాం. ఇద్దరం దిగాం. ఈ దేశంలో పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని కదలకుండా కూర్చోవాలని పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ కారు తలుపు మాత్రం తెరుచుకుంది. గుండె డాక్టర్ అంకుల్! అద్దంలో నన్ను చూసి, మనవాడే కదా అని దిగిపోయారు. ఒట్టి చేతులతో పలకరించడం మర్యాద కాదనుకున్నారు కాబోలు, చేతిలో ఏదో తళతళా మెరుస్తోంది. క్రిస్మస్‌కి ఇంటింటికీ పంచుతున్న కజ్జికాయలు. అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టినవి.

అవి కజ్జికాయలని నాకు తెలుసు, చిట్టి గురువుగారికి తెలియదు కదా! ఆవిడ చెయ్యి తుపాకీ మీదికి పోయింది. "కదలొద్దు! చేతిలోది కింద పడెయ్!" అని ఇంగ్లీషులో అరిచింది. ఆ కేక తనలాంటి పెద్దమనిషి మీదని అంకుల్‌కి తట్టనే లేదు. ఎవర్నా అని వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ నవ్వుతూ నా వైపు నడిచారు. నా ఒట్టు గట్టున పెట్టి, సార్జెంటు గొంతుతో నేనూ ఒక్క గావుకేక పెట్టాను. "అరుస్తావేంట్రా? నీ పెళ్ళిలో ప్రార్థన చేసింది నేనేగా!" అంటూ ఇంకో అడుగు వేశారు.

నాకు భయం వేసింది. సైన్యంలో ఎప్పుడూ అంత భయపడలేదు. ఆర్డర్లు, ఇంగ్లీషు, ఇరవై ఏళ్ళ సర్వీసు, అన్నీ ఎటుపోయాయో పోయాయి. "అంకుల్, మీ కాళ్ళు పట్టుకుంటాను, అక్కడే ఆగిపోండి! ఆ పొట్లం పక్కన పెట్టి చేతులు చూపించండి. మీకేమన్నా అయితే ఆంటీకి నా మొహం ఎలా చూపించను?" అన్నాను. అంకుల్ ఆగారు. తినే వస్తువు కదా, నేలమీద కాకుండా కారు డిక్కీ మీద జాగ్రత్తగా పెట్టి, రెండు చేతులూ ఎత్తారు. చిట్టి గురువుగారి చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

తర్వాత ఆవిడ చూస్తుండగానే ఆయనకి జరిమానా టికెట్టు రాశాను. "నాకే?" అన్నారు. చింపి చేతిలో పెట్టాను. "పోనీ, కజ్జికాయలైనా తీసుకో," అన్నారు. డ్యూటీలో తీసుకోకూడదన్నాను. టికెట్టుకంటే ఆ మాటే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. కారెక్కాక చిట్టి గురువుగారు, "ఏం చెప్పి ఆపావు?" అని అడిగింది. ఆయన కాళ్ళు పట్టుకుంటానన్నానని చెప్పాను. "పట్టుకుని? కింద పడేస్తావా?" అంది. అది బతిమాలడమని వివరించాను. "ఇది సైన్యంలో నేర్పారా?" లేదు, మా అమ్మ నేర్పింది. ఆవిడ రిపోర్టు తీసి నన్ను పాస్ చేసింది. ఆ ఆదివారం చర్చిలో అంకుల్, కఠిన హృదయులైన అధికారుల కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

ఇప్పుడు పక్క సీట్లో గురువుగారిని నేనే. యూనిఫాం బెల్టుకి నాకంటే నా బొజ్జే ఎక్కువ తెలుసు. అరిచే కుర్రాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. ఆంటీ పోయాక అంకుల్ డ్రైవింగ్ మానేశారు. ఆదివారం చర్చికి నేనే తీసుకెళ్తాను. తలుపు తీయగానే రెండు చేతులూ పైకెత్తి, "కాల్చకురా అబ్బాయ్!" అని పకపకా నవ్వుతారు. ఆయన ఇప్పుడు వంగలేరు. అందుకని కింద కూర్చుని, ఆ బక్క కాళ్ళని ఒక్కొక్కటే పట్టుకుని సాక్సులు తొడుగుతాను. బొజ్జ అడ్డొస్తుంది, ఆయాసమొస్తుంది. అయినా నడిరోడ్డు మీద పోలీసు ఇచ్చిన మాట కదా, తప్పితే ఎలా?