వాపు తగ్గాక తీసేద్దాం

పళ్ల డాక్టరుగారు ఎవరి పన్నయినా రెండు నిమిషాల్లో పీకి చేతిలో పెట్టేవారు. ఒక మనిషిని ఉద్యోగంలోంచి తీసేయాలంటే మాత్రం ఆయనకు ఏడాదిలో ఏ రోజూ సరిపడేది కాదు. "ఇది సమయం కాదు" అన్న మాట ఆయన నోట్లో దవడపన్ను కన్నా గట్టిగా పాతుకుపోయింది.

ఆయన ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు అధ్యక్షుడు కూడా. క్లినిక్‌లో పేర్లు రాసుకునే మేనకోడలే క్లబ్బు ఉత్తరాలూ టైపు చేసేది. ఇప్పుడు ఆమెకే మనవలు. అయినా ఎక్కడన్నా లవంగనూనె వాసన తగిలితే చాలు, ఆ సీజనంతా కళ్లముందు తిరుగుతుంది. ఒక్కతే కూర్చుని నవ్వుకుంటుంది.

ఆ సీజనులో క్లబ్బు అదేపనిగా ఓడింది. కోచ్ ఒకప్పటి గోల్‌కీపరు, పరమ మెతక మనిషి. ఆటగాళ్లను కసరడం చేతకాక, "ఏమీ అనుకోకపోతే కాస్త పరిగెత్తండి బాబూ" అని బతిమాలేవాడు. గ్యాలరీ కింద క్లబ్బు ఇచ్చిన రెండు గదుల్లో భార్యతో, ఇద్దరు ఆడపిల్లలతో కాపురం. ఉద్యోగం ఊడితే వారంలో ఆ గదులూ ఖాళీ చేయాలి. ఉంచితేనేమో క్లబ్బు కింది డివిజనుకు జారిపోతుంది.

కమిటీ ప్రతి సోమవారం సాయంత్రం క్లినిక్ ముందుగదిలోనే కూడేది. నాలుగు గోల్స్‌తో ఓడిన సోమవారం నాడు బేకరీ యజమాని బల్ల గుద్దాడు. ఆయన కమిటీలో అందరికన్నా కోపిష్టి.

"తీసేయండి సార్! ఇవాళే తీసేయండి!"

"తీసేద్దాం. ఎవరు కాదన్నారు?" అన్నారు డాక్టరుగారు. "కానీ ఇప్పుడు వాపు మీద ఉంది. వాపు మీద పన్ను పీకకూడదు. ముందు వాపు తగ్గనివ్వండి."

ఉత్తరం మాత్రం టైపు చేయించి, తేదీ ఖాళీ వదిలి, దూది పెట్టుకునే సొరుగులో పెట్టారు. పై వారం జట్టు పొరపాటున గెలిచింది. గెలిచినవాణ్ణి తీసేస్తే లోకం నవ్వుతుందన్నారు. ఆ తర్వాతి ఆట ఎటూ తేలలేదు. ఆటే తేలనప్పుడు మనమెలా తేలుస్తామన్నారు. మరో వారం వాన పడి మైదానం చెరువైపోతే, ఆడని ఆటకు శిక్షేమిటని కమిటీనే నిలదీశారు.

బేకరీ యజమాని జుట్టు పీక్కున్నాడు. "ఓడితే కుదరదు, గెలిస్తే కుదరదు, ఆడకపోయినా కుదరదు! మరెప్పుడండీ తీసేది?"

"నా బాధా అదేనండీ" అన్నారు డాక్టరుగారు, నిజంగానే దిగులుగా మొహం పెట్టి.

ఈలోగా సొరుగులో కాగితం నలిగిపోయేది. మేనకోడలు మళ్లీ కొత్తది కొట్టేది. అలా ఐదుసార్లు కొట్టింది. ఐదోసారికి ఆ ఉత్తరం ఆమెకు ఎంత కంఠతా వచ్చిందంటే, అపాయింట్‌మెంట్ల పుస్తకంలో ఒక పేషెంటు పేరు పక్కన "మీ సేవలు ఇక అవసరం లేదు" అని రాసేసింది.

చివరికి ఒకరోజు బేకరీ యజమాని పట్టుబట్టి, ఉత్తరం మీద తనే తేదీ వేసి, డాక్టరుగారి కోటు జేబులో కుక్కాడు. ఆ మధ్యాహ్నమే కోచ్ పన్ను నొప్పితో క్లినిక్‌కి వచ్చాడు. బేకరీ యజమాని ముందుగదిలో కాపలా కూర్చున్నాడు. లోపల అరగంట మిషను గుయ్యిమంది. కోచ్ చెంప పట్టుకుని, అందరికీ దండం పెట్టి వెళ్లిపోయాడు.

"ఇచ్చావా మావయ్యా?" అంది మేనకోడలు.

"ఎలా ఇస్తానే? నోరు తెరుచుకుని కూర్చున్నాడు. తిరిగి ఒక్క మాట అనే వీలు లేనివాడికి అలాంటి కబురు చెప్పడం మర్యాదేనా?"

"పన్నుకు సిమెంటు పెట్టాక నోరు మూశాడుగా!" అని అరిచాడు బేకరీ యజమాని.

"గంటసేపు మాట్లాడొద్దని నేనే చెప్పానండీ."

అందరితోపాటు మేనకోడలికీ ఒళ్లు మండింది. మావయ్యది ఒట్టి పిరికితనమనుకుంది. ఈయన నాన్చుడుకు క్లబ్బు మునిగిపోతుందని ఇంట్లో కూడా గొణిగింది.

సీజనులో ఇంకా మూడు ఆటలున్నాయనగా, మేనకోడలు ఎప్పటిలాగే పొద్దున్నే క్లినిక్ ఉత్తరాలు విప్పుతుంటే, పక్క ఊరి ఆడపిల్లల బడి నుంచి ఒకటొచ్చింది. ప్రధానోపాధ్యాయిని రాసింది. "డాక్టరుగారికి, మీ ఏడో ఉత్తరం అందింది. ఇక ఎనిమిదోది రాయకండి. మా ఆటల మాస్టారు ఈ వేసవికి రిటైరవుతున్నారు. ఆదివారాలు మీ కోచ్ చిన్నపిల్లలకు ఆట నేర్పే తీరు నేనే వచ్చి చూశాను. ఆయన్నే తీసుకుంటాం, ఉండటానికి ఇల్లూ ఇస్తాం. కానీ క్లబ్బు మధ్యలో తీసేసిన మనిషంటే మా కమిటీ ఒప్పుకోదు. సీజను పూర్తి చేసి రావాలి."

మేనకోడలు ఆ కాగితం పట్టుకుని లోపలికి వెళ్లింది. "ఏడు ఉత్తరాలా మావయ్యా? నాతో ఒక్కటీ కొట్టించలేదే?"

"నీతో కొట్టిస్తే బేకరీ దాకా పాకదూ?" అన్నారాయన, పళ్లు పీకే పటకారు తుడుచుకుంటూ. "ఉద్యోగం పోయినవాడు వెళ్లి అడిగితే గుమ్మంలోనే నిలబెడతారే. ఉద్యోగంలో ఉన్నవాణ్ణయితే కూర్చోమంటారు. అందాకా వాణ్ణి కుర్చీలో ఉంచుదామనుకున్నా."

"పోనీ ఇప్పుడు ఆయనకు చెప్పేయొచ్చుగా?"

"చెబితే నేను ఇప్పించినట్టవుతుంది. వాళ్లే పిలిస్తే అది అతని గొప్ప. నువ్వు నోరు మూసుకో."

పుట్టి బుద్ధెరిగాక ఆమె అంత కష్టపడి నోరు మూసుకున్నది అదే మొదలు, అదే ఆఖరు.

మిగిలిన మూడు ఆటల్లో రెండు ఓడి, క్లబ్బు కింది డివిజనుకు జారింది. ఆఖరి ఆట అయిన మర్నాడు కమిటీ అంతా డాక్టరుగారి మీద విరుచుకుపడుతుండగా, కోచ్ కొత్త చొక్కా వేసుకుని క్లినిక్ మెట్లెక్కి వచ్చాడు. చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ఎలా చెప్పాలో తెలియట్లేదు డాక్టరుగారూ. నన్నో బడివాళ్లు పిలిచారు. నేను క్లబ్బు వదిలేస్తున్నాను."

డాక్టరుగారు కుర్చీలో కూలబడ్డారు. "ఇంత అన్యాయమా? మమ్మల్ని ఇలా నడిమధ్యలో వదిలేసి వెళ్లిపోతారా?"

ఈ మాటకు బేకరీ యజమాని నోరు తెరిచాడు. మేనకోడలు టేబులు కింద ఆయన కాలు తొక్కింది. ఆయన మూశాడు.

కోచ్‌కి జాలేసింది. దగ్గరికొచ్చి డాక్టరుగారి భుజం మీద చెయ్యేశాడు. "ఊరుకోండి సార్. నాకన్నా మంచివాడే దొరుకుతాడు మీకు. కానీ పెద్దవారు, ఏమీ అనుకోనంటే ఒక్కమాట. ఇకముందు ఎవరినైనా తీసేయాల్సి వస్తే, వెంటనే తీసేయండి. నాన్చకండి. నా విషయంలోనే చూడండి, నాకు ఈ ఉద్యోగం రాకపోతే మీరేమైపోయేవారు?"

"నిజమేనండీ" అన్నారు డాక్టరుగారు, తల వంచుకుని. "నాకు ఆ ధైర్యమే లేకపోయింది."