శివారుకు నీళ్ళందని లస్కరు

బసవపున్నయ్య కాలవల శాఖలో ముప్పై నాలుగేళ్ళు లస్కరుగా పనిచేశాడు. కంకిపాడు దగ్గర ఒక పిల్లకాలవ, దాని మీద ఇరవై మూడు తూములు, వాటి షట్టర్లు తిప్పే తాళాలు, గట్టు వెంట తొక్కే సైకిలు, ఇదీ ఆయన రాజ్యం. పై తూముల వాళ్ళు నీళ్ళన్నీ మళ్ళించేసుకుంటే చివరి తూముల వాళ్ళు, అంటే శివారు రైతులు, అర్జీలు పట్టుకుని ఆయన అరుగెక్కేవారు. ఆయన ఏ అర్జీనీ కాదనలేదు. అందరికీ ఒకటే మాట చెప్పేవాడు: "నీళ్ళు వదిలానయ్యా. నెమ్మదిగా వస్తాయి, కూర్చోండి." అలా గట్టు మీద కూర్చున్నవాళ్ళు ఎన్ని వందలమందో ఆయన భార్య సంపూర్ణమ్మకు తెలుసు. వాళ్ళకు మజ్జిగ కలిపిచ్చింది ఆవిడే మరి.

రిటైరైన పదకొండేళ్ళకు ఆయనకు మతిమరుపు ముదిరింది. మనవరాలు రుచిత పెళ్ళికి వెళ్ళి, సుష్టుగా భోంచేసి, ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ "రుచితకి సంబంధాలు చూడరేంటి?" అని అడిగాడు. ఆ వారంలోనే సంపూర్ణమ్మ ఆయన్ని బస్సెక్కించి బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరు సింధూరి స్కానింగు చూసి నిదానంగా చెప్పింది. "ఇరవయ్యేళ్ళ నుంచి బీపీ ఉంది. మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకున్నారు, లేనప్పుడు లేదు. ఆ ఒత్తిడికి మెదడులో సన్నటి రక్తనాళాలు గట్టిపడి పూడుకుపోయాయండి. చివరిదాకా రక్తం అందట్లేదు. అందనిచోట మెదడు దెబ్బతింటోంది. పోయింది నేను తెచ్చివ్వలేను. ఉన్నది నిలబడాలంటే బీపీ అదుపులో ఉండాలి. రోజూ పొద్దున్నే ఒక మాత్ర. ఉప్పు తగ్గించండి, నడవండి."

ఇంకొకరైతే బెంగపడతారు. బసవపున్నయ్య మొహం మాత్రం వెలిగింది.

"అంటే శివారుకి నీళ్ళందట్లేదు. అంతేగా డాక్టరమ్మగారూ?"

"అలాగే అనుకోండి" అంది సింధూరి. ఆ అమ్మాయి ఆ ఒక్క మాట అనకుండా ఉంటే బాగుండేదని సంపూర్ణమ్మ తరవాత చాలాసార్లు అనుకుంది.

ఇంటికొస్తూనే ఆయన ఒక లాంగ్ నోట్‌బుక్కు కొని, తూముకొక జ్ఞాపకం చొప్పున తన బుర్రకు కాలవ పటం గీశాడు. మొదటి తూము వాళ్ళమ్మ. రెండోది బడి. అలా వయసు ప్రకారం దిగుకుంటూ వచ్చి ఇరవై మూడో తూము దగ్గర రుచిత పెళ్ళి రాశాడు. అది ఎండిపోయిందని పక్కన ఎర్రసిరాతో గుర్తు పెట్టాడు. సంపూర్ణమ్మది పదో తూము.

"నన్ను ఇంకాస్త పైన పెట్టకూడదా?" అని అడిగింది ఆవిడ.

"తూము లస్కరు ఇష్టమొచ్చినచోట పెట్టేది కాదే. సర్వే ప్రకారం ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది."

ఆవిడ వేళ్ళ మీద లెక్కేసుకుంది. ఎండడం కింది తూముల నుంచి పైకి వస్తోంది. తనకూ దానికీ మధ్య ఇంకా పన్నెండు తూములున్నాయి. వెర్రి లెక్కే, అయినా ఆ పూట ఆవిడకు ధైర్యంగా ఉంది.

అప్పటినుంచి ఆ ఇంట్లో శాఖ మళ్ళీ తెరిచారు. పొద్దున్నే మాత్ర వేసుకోవడం నీళ్ళు వదలడమైంది. బీపీ మిషను నీటిమట్టం చూసే గేజీ అయింది, దాని రీడింగు రిజిస్టరులోకెక్కింది. ఆవకాయ జాడీని అక్రమ తూముగా ప్రకటించి మూతకు గోనెపట్టా బిగించి కట్టాడు. సాయంత్రం గట్టు మీద నడుస్తూ ఒకటి నుంచి తూములన్నీ గట్టిగా అప్పజెప్పేవాడు. రుచిత పెళ్ళి గురించి తనకు తానే అర్జీ రాసుకున్నాడు, "శివారుకు నీరందనందున" అని మొదలుపెట్టి. దాని కిందే "పరిశీలించి చర్య తీసుకోబడును" అని సంతకం పెట్టాడు. జనం నవ్వారు. సంపూర్ణమ్మ నవ్వలేదు. గేజీ దిగుతోంది మరి, ఆవిడకు కావలసింది అదే.

అంతలో ఏప్రిల్ వచ్చింది. రెండో పంట, దాళ్వా, కోతలయ్యాయి. ఎప్పటిలాగే బ్యారేజీ దగ్గర కాలవలు కట్టేశారు. వేసవిలో కాలవ కట్టేసి, పూడిక తీసి, గుర్రపుడెక్క పీకి, జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదలడం డెల్టాలో తాతల నాటి పద్ధతి. ముప్పై నాలుగేళ్ళు ఆ పద్ధతి తప్పని మనిషి ఇప్పుడెందుకు తప్పుతాడు? ఆ రోజు నుంచి మాత్ర కట్టేశాడు. రోజుకొకటి చొప్పున ఖాళీ హార్లిక్స్ సీసాలో వేసి, దాని మీద "నిల్వ" అని చీటీ అంటించి, బియ్యం డబ్బా వెనక పెట్టాడు. గేజీ పుస్తకంలో తేదీకొక అడ్డగీత గీసి "కాలవ బందు" అని రాసుకుంటూ పోయాడు. మోకాళ్ళ నొప్పులతో ఆ నెలంతా మంచం దిగలేని సంపూర్ణమ్మ ఆ పుస్తకం తెరవలేదు. తెరవనందుకు ఆవిడ తనను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మే నెలలో ఒక పొద్దున కాఫీ గ్లాసు ఆయన ఎడమచేతిలోంచి జారింది. మూతి ఒక పక్కకు లాగింది. మాట ముద్దయింది. ఆస్పత్రిలో నాలుగు రోజులున్నాక మాట తిరిగొచ్చింది, కాలు మాత్రం కొంచెం ఈడ్చేది.

"మాత్రలు ఎందుకు మానేశారు?" అని అడిగింది సింధూరి.

"మానలేదమ్మా. కట్టేశాం. నీళ్ళు పారుతుండగా పూడిక తీస్తారా ఎక్కడన్నా?"

ఆ అమ్మాయి కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది. ఆమెదీ డెల్టా ఊరే. "మాత్ర నీళ్ళు కాదు పెద్దాయనా, షట్టరు. వరద ఒక్కసారిగా మీద పడకుండా ఆపేది అదే. మీ ఒంట్లో కాలవకి వేసవి లేదు. పుట్టినప్పటి నుంచి పారుతూనే ఉంటుంది."

బసవపున్నయ్య మొహం పాలిపోయింది. పక్షవాతానికి పాలిపోలేదు, దీనికి పాలిపోయింది. "అంటే వరదలో షట్టరెత్తేసి ఇంటికెళ్ళి పడుకున్నానా?" అన్నాడు. లస్కరు చేయగల తప్పుల్లో అంతకన్నా పెద్దది లేదు.

ఇంటికి రాగానే కాగితం రాశాడు. "విధి నిర్వహణలో నిర్లక్ష్యం వహించినందున లస్కరు బసవపున్నయ్య అను నన్ను నేను తక్షణమే సస్పెండు చేసుకొనడమైనది. చార్జి శ్రీమతి సంపూర్ణమ్మ గారికి అప్పగించడమైనది." మాత్రల డబ్బా, బీపీ మిషను, రిజిస్టరు, ఆవకాయ జాడీ అన్నీ వరసగా చూపించి సంతకాలు తీసుకున్నాడు. నలభై నాలుగేళ్ళుగా "ఏమే" అని పిలిచిన మనిషి ఆ రోజు నుంచి ఆవిణ్ణి "లస్కరు గారూ" అనడం మొదలుపెట్టాడు. ఆవిడకు నవ్వొచ్చింది, సిగ్గేసింది, లోపల ఎక్కడో కొంచెం గర్వంగా కూడా ఉంది.

పటం తీసి చూస్తే పదిహేనో తూము దాకా ఎర్రసిరా పాకింది. ఆవిడ ఒక్క రోజు కూడా మాత్ర తప్పనివ్వలేదు.

జూన్‌లో కాలవకు నీళ్ళు వదిలారు. సాయంత్రం ఇద్దరూ గట్టు మీదికెళ్ళారు, ఆయన కర్ర ఊతంతో, ఆవిడ ఆయన ఊతంతో. మట్టిరంగు నీళ్ళు చెత్తను తోసుకుంటూ వస్తున్నాయి. ఆయన హుషారుగా అప్పజెప్పడం మొదలుపెట్టాడు. అమ్మ, బడి, ఎద్దులు, మొదటి సైకిలు. తొమ్మిదో తూము దగ్గర ఉద్యోగంలో చేరిన రోజు అని చెప్పి ఆగాడు. పెదాలు కదిలాయి గాని పేరు రాలేదు. తరవాతది సంపూర్ణమ్మ తూము.

ఆయన ఆవిడ వైపు తిరిగి ఎంతో మర్యాదగా అడిగాడు. "పదో తూము కింద ఎవరుండేవారో గుర్తు రావట్లేదండీ. మీరు లస్కరు గారు, మీకు తెలియాలి."

సంపూర్ణమ్మ కళ్ళల్లో నీళ్ళు నిండాయి. చీర చెంగుతో గట్టు రాయి మీద దుమ్ము తుడిచి ఆయన్ని కూర్చోబెట్టింది.

"నీళ్ళు వదిలానండి" అంది. "నెమ్మదిగా వస్తాయి, కూర్చోండి."

ఆయన తల ఊపి, అర్జీ పెట్టుకున్న శివారు రైతులాగా, నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు.